నీలం పట్టీ బడి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. కాదనను. కానీ ఆ కోపమే లేకపోతే చోడవరం చుట్టుపక్కల సర్కారు బడులన్నీ ఒక్క తీరుగా కనిపించే రోజు వచ్చేది కాదని నా నమ్మకం.

తొంభైల మధ్యలో నేను చోడవరంలో ఒక హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. ఒక ఏడు ఆటల పోటీలకు పిల్లల్ని అనకాపల్లి తీసుకెళ్ళాం. చోడవరం, రావికమతం, కె.కోటపాడు, మూడు మండలాల పిల్లలూ ఒకే జట్టు కింద లెక్క. చూడ్డానికి అలా ఉంటే కదా. ఒక బడి ఎర్రగుడ్డ మీద తెల్ల అక్షరాలతో వచ్చింది. ఇంకో బడి పాత దుప్పటి మీద నీలిమందుతో పేరు రాసుకొచ్చింది. మరో బడికి బ్యానరే లేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర వడ్డించేవాళ్ళు ఎర్రబ్యానరు పిల్లల్ని మా జట్టు వరసలో కూర్చోబెట్టి, మిగతావాళ్ళను మీరెవరని తోలేశారు. "మేమూ ఆళ్ళేనండి" అని కబడ్డీ ఆడే పిల్ల ఒకతె బతిమాలితే, "అందరూ అలగే అంటారు, నడు నడు" అన్నారు. ఎండలో ఆడి వచ్చిన పిల్లలు విస్తళ్ళు ఎత్తేసేదాకా పక్కన నిలబడ్డారు. నా కడుపు మండిపోయింది.

మర్నాడు పొద్దున్నే మా విద్యాశాఖ అధికారి ఆఫీసుకు వెళ్ళి ఒంటికాలి మీద లేచాను. ఆయన నిదానస్తుడు. నన్ను పూర్తిగా అరవనిచ్చి, "అయితే ఏం చేద్దామంటారు?" అని అడిగారు. అన్ని బడులకూ ఒకే బోర్డు, ఒకే బ్యానరు ఉండాలని, ఉత్తరాల మీదా సర్టిఫికెట్ల మీదా కూడా ఒకే గుర్తు పడాలని చెప్పాను. "సరే, మీరే చెయ్యండి" అన్నారాయన. అడిగినవాళ్ళ మెడకే పని చుట్టుకోవడం సర్కారు ఉద్యోగంలో కొత్తేమీ కాదు.

మొదటి తలనొప్పి రంగు. పసుపు వేద్దామంటే అది ఒక పార్టీది అన్నారు. మూడు రంగులు కలిపితే ఇంకో పార్టీది. ఎరుపు సంగతి చెప్పక్కర్లేదు. ఆకుపచ్చ అంటే ఒక హెడ్మాస్టారు, "పురుగుమందుల కొట్టనుకుంటారమ్మా" అన్నారు. చివరికి ఎవరికీ అక్కర్లేని రంగు నీలం ఒక్కటే మిగిలింది. తెల్లగోడకు అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరకు నీలం పట్టీ, దాని మీద జానెడెత్తు తెల్ల అక్షరాలతో బడి పేరు, ఎడమ చివర ఒక తెల్ల గుండ్రం, గుండ్రంలో లాంతరు. కరెంటు పోతే మా పిల్లలందరూ చదివేది లాంతరు వెలుగులోనే కాబట్టి లాంతరు గీశాను. గాజుబుడ్డి, పైన తీగ పిడి, లోపల చిన్న మంట, అన్నీ సన్నటి గీతల్లో. నాకు ఆ బొమ్మ ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను. సైక్లోస్టైల్ తీసిన కాగితాల మీద మాత్రం ఆ గీతలన్నీ అలుక్కుపోయి నల్లమచ్చలా పడేవి. పట్టీ మటుకు చక్కగా వచ్చేది. నేనది పట్టించుకోలేదు.

రెండో తలనొప్పి హెడ్మాస్టర్లు. ఒకాయనకు బడి పేరు కంటే దాత పేరు పెద్దక్షరాల్లో కావాలి. ఇంకొకాయన లాంతరు పక్కన సరస్వతీదేవి కూడా కూర్చుంటే బాగుంటుందంటాడు. మరొకాయన మేం వేసిన నీలం పట్టీ చుట్టూ వాళ్ళావిడ చేత మెలికల ముగ్గు వేయించాడు. ముగ్గు అందంగానే ఉంది, ఆవిడ చెయ్యి మంచిదే, కానీ పక్క ఊరి బడికి లేని ముగ్గు ఈ బడికెందుకు? చెరిపించాను. ఆయన నాతో మాట్లాడ్డం మానేశాడు. నేను కొలత టేపు సంచిలో వేసుకుని ఊరూరా తిరిగి అక్షరాలు కొలిచేదాన్ని. నేను బస్సు దిగితే చాలు, "టేపు మేడమొస్తంది, గోడలు సర్దుకోండొరే" అని నవ్వుకునేవారట. నవ్వుకోనీ అనుకున్నాను.

బోర్డులు రాసే పని అనకాపల్లిలో సైన్‌బోర్డుల దుకాణమున్న ఒక సాయిబు గారికి అప్పజెప్పాను. నేను భాయ్ అని పిలిచేదాన్ని. ఆయన లాంతరు బొమ్మను రేకు మీద కోసి అచ్చు తయారు చేశాడు. గోడకు రేకు ఆనించి రంగు అద్దితే ఏ ఊళ్ళో అయినా అదే లాంతరు పడేది. మాటకారి. తన మోపెడ్ వెనకాల రంగు డబ్బాలు కట్టుకుని నేనెక్కిన ఆటో పక్కనుంచి పోతూ, "మేడమ్, ఈరోజు ఏ మాస్టారితో తగువు?" అని అరిచి మరీ వెళ్ళేవాడు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఒక చిన్న వయసు టీచరు మా ఇంటికి వచ్చింది. రావికమతం మండలంలో ఒక చిన్న ఊరి బడికి ఒక్కగానొక్క టీచరు. ఆ బడి అంతకుముందు ఎరువుల గొడౌను. గోడ మీద యూరియా ప్రకటన అక్షరాలు ఇంకా పోలేదు. ఊళ్ళోవాళ్ళే కాదు, ఆటోవాళ్ళు కూడా దాన్ని గొడౌను అనే అంటారు. ఈమధ్య చెరుకు తోటల మీదుగా ఒక ప్రైవేటు బడి వ్యాను రావడం మొదలైంది. టై కట్టుకున్న పిల్లల బొమ్మ ఆ వ్యాను మీద ఉంటుంది. ఆ బొమ్మ చూసి జనం పిల్లల్ని వ్యాను ఎక్కించేస్తున్నారు.

"జూన్‌లో బడి తెరిచేసరికి పిల్లలు సరిపడా నేకపోతే మా బడి ఎత్తేసి గెడ్డ అవతలూరి బళ్ళో కలిపేస్తామన్నారక్కా" అంది. గెడ్డంటే మా వైపు వాగు. వానాకాలం నడుం లోతు పారుతుంది. "వ్యానుకి కట్టలేనోళ్ళు ఏటి చేస్తారు? గెడ్డ దాటించి చిన్నపిల్లల్ని పంపుతారా? ముందు ఆడగుంటల్ని మానిపించేస్తారు."

"బోర్డు మారితే పిల్లలు వస్తారా అమ్మా?" అన్నాను. నాకు నిజంగానే అనుమానం.

"మా గోడా, చోడవరం పెద్ద బడి గోడా ఒక్కలాగ ఉంటే, ఇక్కడ ఒకట్లో ఎక్కితే అక్కడ పదిలో దిగుతారని జనానికి కనబడతాది. ఇప్పుడు మా బడి ఎవరికీ ఏటీ కాదక్కా. గొడౌనంతే."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. నేను ఇన్నాళ్ళూ అక్షరాల ఎత్తు గురించే కొట్లాడుతున్నాను. ఆ కొట్లాట ఎందుకో ఈ పిల్ల ఒక్క ముక్కలో చెప్పింది. పెద్ద బడులన్నీ అయ్యాకే చిన్నవన్న నా వరస పక్కన పెట్టి, ఎండాకాలం సెలవుల్లో ముందు ఆ గొడౌనుకే పట్టీ వేయించాను. భాయ్ యూరియా అక్షరాలు గోకించి, రెండు పూతలు తెల్లరంగు వేసి, పట్టీ గీశాడు. ఆ టీచరు రోడ్డు అవతల నిలబడి చాలాసేపు చూసింది. "ఇది మా బడేనా అక్కా" అని నవ్వింది. మర్నాటి నుంచి ఇంటింటికీ తిరిగింది. కొందరు పంపుతామన్నారు, కొందరు చూద్దామన్నారు. చూద్దామన్నవాళ్ళే ఎక్కువ.

ఇంతలో పంచాయతీ ఎన్నికలు వచ్చి పడ్డాయి.

పంచాయతీ ఎన్నికల్లో పార్టీల గుర్తులుండవు. నిచ్చెన, గొడుగు, కుర్చీ లాంటి గుర్తుల్లోంచి ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఇస్తారు. ఆ ఊళ్ళో సర్పంచి పదవికి ఇద్దరు చెరుకు రైతులు నిలబడ్డారు. ఒకాయనకు నిచ్చెన వచ్చింది. రెండో ఆయనకు లాంతరు వచ్చింది. అది కాకతాళీయం, ఎవరూ చేసింది కాదు. ఆ తర్వాతది చేసింది మా భాయ్. లాంతరు పెద్దమనిషి గోడల మీద గుర్తు వేయమని అడిగితే, ఈయన మా బడి అచ్చురేకు తీసుకెళ్ళి ఊరంతా అదే లాంతరు అద్దిపెట్టాడు. అదే గాజుబుడ్డి, అదే తీగ పిడి, అదే మంట, రంగు కూడా అదే నీలం.

నిచ్చెన పెద్దమనిషి ఊరుకుంటాడా? బడి గోడ మీదే అవతలివాడి గుర్తు ఉందని, సర్కారు వాళ్ళే ప్రచారం చేస్తున్నారని ఎమ్మార్వో ఆఫీసులో ఫిర్యాదు పెట్టాడు. లాంతరున్న ఆ బడి గోడకు సున్నం కొట్టమని ఆర్డరు వచ్చింది.

ఆ కబురు మోసుకొచ్చింది ఆ టీచరే. పొద్దున్న మొదటి బస్సుకు వచ్చి మా గుమ్మంలో నిలబడింది. మొహం పీక్కుపోయి ఉంది. "ఈరోజే వస్తారటక్కా. ఎల్లుండి బడి తెరవాల. సున్నం కొడితే పాత గొడౌనే అయిపోతాది. పంపుతామన్నోళ్ళు కూడా తగువులో ఉన్న బడి మాకొద్దంటన్నారు." మాట పూర్తి కాకుండానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పొయ్యి మీద అన్నం దించేసి చెప్పులేసుకున్నాను.

దారిలో భాయ్ కలిశాడు. కబురు ఆయనకూ అందింది. మోపెడ్ ఆపి తల దించుకుని నిలబడ్డాడు.

"ఎందుకు చేసేవు భాయ్ ఈ పని?" అన్నాను. నాకు వచ్చిన తిట్లు ఇంకా చాలా ఉన్నాయి గానీ పక్కన ఆ పిల్ల ఉంది.

"లాంతరంటే లాంతరే కదా మేడమ్. రేకు చేతిలో ఉంది, మళ్ళీ కొత్తది కొయ్యడమెందుకనుకున్నాను. అన్నీ ఒక్కలాగే ఉండాలని మీరే కదా రోజూ సెప్పేరు."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఎక్కు, పద, రంగులు తీసుకురా అన్నాను.

మేం వెళ్ళేసరికి బడి ముందు జనం పోగై ఉన్నారు. ఎమ్మార్వో ఆఫీసు ఉద్యోగి ఒకాయన, ఇద్దరు కూలీలు, సున్నం బకెట్లు. నిచ్చెన పెద్దమనిషి చేతులు కట్టుకుని ఒక పక్క, లాంతరు పెద్దమనిషి కండువా సర్దుకుంటూ ఇంకో పక్క. ఎవరి జనం వాళ్ళ వెనకాల. కూలీ ఒకతను అప్పటికే బ్రష్షు సున్నంలో ముంచాడు.

టీచరు పరిగెత్తి గోడకు వీపు ఆనించి నిలబడింది. "నా మీద కొట్టండి సున్నం" అంది. అంత సన్నటి మనిషి గొంతులోంచి ఆ మాట అంత గట్టిగా వస్తుందని నేననుకోలేదు.

ఉద్యోగి ఇబ్బందిగా నా వైపు చూశాడు. "నేనేటి చెయ్యను మేడమ్. గుర్తు కనపడకూడదు. గోడకి సున్నం కొట్టమన్నారు."

నేను గోడ వైపు చూశాను. ఎండ పడి నీలం పట్టీ మెరుస్తోంది. చోడవరం బడికి ఉన్న పట్టీయే, అవే అక్షరాలు. ఎడమ చివర నా లాంతరు చిన్నగా ఉంది. సైక్లోస్టైల్ కాగితాల మీద మచ్చలా పడేది గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ ఆ కాగితం మా బడులదని జనం పోల్చుకున్నది మచ్చను చూసి కాదు, పట్టీని చూసే. పట్టీ ఉంటే బడి ఉంటుంది. లాంతరు నా ముచ్చటే తప్ప మరేం కాదు.

"కనపడకూడనిది గుర్తే కదా" అన్నాను. "నిచ్చెన బాబుగారూ, మీకు అడ్డు లాంతరా, బడి పేరా?"

"బడి పేరుతో నాకేటి పేచీ? లాంతరే."

"అయితే సున్నం అక్కర్లేదు." భాయ్ చేతిలోంచి తెల్లరంగు డబ్బా తీసుకుని, బడి లోపల్నుంచి బల్ల తెప్పించి ఎక్కాను. నా చేత్తో గీసిన బొమ్మను నా చేత్తోనే కప్పేశాను. ముందు మంట పోయింది, తర్వాత గాజుబుడ్డి, చివరికి పిడి. నిజం చెప్పొద్దూ, బాధగా ఉండింది. ఎన్ని రాత్రులు కూర్చుని గీశానో ఆ బొమ్మని. బల్ల దిగి చూస్తే నీలం పట్టీ మీద తెల్ల గుండ్రం ఒక్కటే ఉంది. ఉద్యోగి దగ్గరకు వచ్చి చూసి, తలూపి, కూలీల్ని బకెట్లు ఎత్తమన్నాడు.

"ఇప్పుడు బాగుందండి" అన్నాడు నిచ్చెన పెద్దమనిషి.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను. చేతులకు రంగు, నెత్తిన ఎండ, పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు లేవు. చిర్రెత్తుకొచ్చింది. "బాగుంటే సరిపోదు బాబుగారూ. ఈ బడి కోసం ఆఫీసు దాకా వెళ్ళేరు కదా. మరి మీ మనవరాలు ఏ బళ్ళో చదువుతాది?" అని అందరి ముందూ అడిగాను.

ఆ పిల్ల వ్యాను ఎక్కుతుందని టీచరు నాకు ముందే చెప్పింది, ఊరందరికీ తెలుసు. లాంతరు పెద్దమనిషికి అంతకంటే ఏం కావాలి? ఒక్క అడుగు ముందుకేశాడు. "మా మనవల్ని ఇద్దరినీ ఎల్లుండి ఇక్కడే ఏస్తాను మేడమ్ గారూ. మనూరి బడి మనం నిలబెట్టకపోతే ఎవరు నిలబెడతారు?" ఆయన జనం చప్పట్లు కొట్టారు. సెలవులిచ్చే వరకూ ఆయన మనవలు కూడా వ్యానులోనే వెళ్ళేవారు మరి.

నిచ్చెన పెద్దమనిషి తన జనం వైపు తిరిగాడు. "ఎల్లుండేటి" అన్నాడు నిదానంగా. "మా గుంటని రేపే తీసుకొచ్చి పేరు రాయిస్తాను. ముందు పేరు మా గుంటదే ఉండాల."

టీచరు గోడకు ఆనుకునే ఉంది. ఏడుస్తూ నవ్వడం నేను అప్పుడు చూశాను.

బడి తెరిచిన రోజు నిచ్చెనోళ్ళ పిల్లల్ని చూసి లాంతరోళ్ళు, వాళ్ళను చూసి వీళ్ళు, పోటీ పడి తీసుకొచ్చారు. ఏ జట్టులోనూ లేనివాళ్ళు ఎందుకొచ్చిన గొడవని ఇద్దరి కోసమూ తెచ్చారు. వ్యాను కూడా వచ్చింది, కొందరు దాన్నే ఎక్కారు. కానీ బడి నిలబడడానికి కావలసినంతమంది పలకలు పట్టుకుని లోపల కూర్చున్నారు. చోటు చాలక కొందరు గుమ్మం మీద కూర్చున్నారు.

అయినా టీచరుకు భయం తీరలేదు. ఎన్నికల్లో ఓడినవాళ్ళు పిల్లల్ని మానిపించేస్తే? లాంతరు పెద్దమనిషి గెలిచాడు. ఫలితం తెలిసిన మర్నాడు ఆమె పొద్దున్నే గుమ్మంలో నిలబడి వీధి చివరకు చూస్తూ ఉందట. బడి గంట కొట్టే వేళ దాటింది. నిచ్చెనోళ్ళ వీధి నుంచి ఒక్క పిల్లా రాలేదు. గుండె జారిపోయిందక్కా అని తర్వాత చెప్పింది. అప్పుడు వచ్చాడు ఓడిన పెద్దమనిషి, మనవరాలి చెయ్యి పట్టుకుని, వెనకాల ఆ వీధి పిల్లలందరితో. రాత్రంతా ఇంట్లో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదని, అందుకే ఆలస్యమైందని చెప్పి, "ఓటు ఏరు, బడి ఏరు. ముందు పేరు మాది కదా, ఎలగ మానిపిస్తాం" అని పిల్లను లోపలికి పంపాడట.

గెలిచిన సర్పంచి మాత్రం చోడవరం వచ్చి, "ఎన్నికలైపోనాయి కదా, మళ్ళీ లాంతరు ఎయ్యండి మేడమ్" అని ఒకటే గోల. వెయ్యనన్నాను. ఇప్పుడా లాంతరు ఆయనది, బడిది కాదు. అధికారి గారికి ఇదంతా చెబితే, "మరి గుండ్రంలో ఏం పెడదాం?" అన్నారు. ఏమీ వద్దన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, సరే అదే అన్ని బడులకూ ఖాయం చేయమన్నారు. భాయ్ తన అచ్చురేకును దుకాణంలో రంగు డబ్బా మీద మూతగా వాడుకున్నాడు.

ఆ ఏడు ఆటల పోటీలకు మూడు మండలాల పిల్లలూ ఒకే తీరు బ్యానర్లు పట్టుకుని వెళ్ళారు. నీలం పట్టీ, తెల్ల గుండ్రం. భోజనాల దగ్గర వడ్డించేవాడు బ్యానరు చూసి, మీరెవరని ఎవరినీ అడగలేదు. అందరూ ఒకే వరసలో కూర్చుని తిన్నారు. పప్పులో ఉప్పు ఎక్కువైందని మా పిల్లలు గోల పెడితే, నాకు వాళ్ళ మీద కోపం రాలేదు. అది కూడా ఒక విశేషమే.

తర్వాతి ఏడు ఒకసారి ఆ ఊరు వెళ్ళాల్సి వచ్చింది. రావికమతంలో ఆటో ఎక్కాను. వెనక సీట్లో చెరుకు పని మీద వచ్చిన ముసలావిడ ఒకరు కూర్చుని ఉన్నారు. చాలా కాలానికి ఇటు వస్తోందనుకుంటాను. ఊరి పొలిమేర దాటగానే, "నాయనా, నన్ను గొడౌను కాడ దింపు" అంది.

ఆటోవాడు అద్దంలోంచి ఆమెను చూశాడు. "గొడౌనేటే మామ్మా? ఈ ఊళ్ళో గొడౌనెక్కడుంది? అక్కడున్నది బడి" అన్నాడు.

నేను మొహం పక్కకు తిప్పుకుని చెరుకు తోటలు చూస్తూ కూర్చున్నాను. నీలం పట్టీ కనిపించగానే అతను ఆటో ఆపి, "బడి, బడి, బడి కాడ దిగేవోళ్ళు బేగి దిగండి" అన్నాడు. నేను దిగాను.